చుట్టుదారి: ప్రదక్షిణమా, అప్రదక్షిణమా?

బయలుదేరిన చోటికే తిరిగి వచ్చి చేరు దారిని సైకిలుపై చుట్టి రాదలచినవారికి గడప దాటకముందే ఒక సందేహము కలుగును. కుడిచేతి వైపుగా తిరుగవలెనా, ఎడమచేతి వైపుగా తిరుగవలెనా? ఎటు పోయినను దూరము ఒక్కటే, ఊళ్ళు అవియే, వంతెనలు అవియే. ఇందులో ఆలోచింపవలసినది ఏమున్నదని కొందరు అనవచ్చును. దేవాలయములో ఈ ప్రశ్న పుట్టదు. చిలకలపూడిలో 1929లో వెలసిన పాండురంగస్వామి ఆలయమునకు వచ్చు భక్తులకు ఎటు తిరుగవలెనో ఒకరు చెప్పనక్కరలేదు. స్వామి కుడిచేతి వైపున ఉండవలెను, అంతే. సింహాచలములో ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు కొండచుట్టు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణము చేయు జనసమూహము పాటించునదియు ఆ నియమమే. సైకిలువానికి శాస్త్రము అట్టి నియమమేదియు విధింపలేదు. అతనికి దిక్కు చెప్పవలసినవి కొండయు, గాలియు, ఎండయు, ఎదురుగా వచ్చు లారీయు.

ఈ సందేహము సహజముగా కొండసీమలలో పుట్టినది. విశాఖపట్నము నుండి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు చేరి, అక్కడనుండి పాడేరు, మాడుగుల, చోడవరముల మీదుగా తిరిగి విశాఖకు వచ్చు దారి అట్టిది. ఒకవైపున ఘాటు ఎక్కి, మరియొకవైపున ఘాటు దిగవలెను. ఇట్టి చుట్టుదారులలో రెండు ఘాటులును ఒక్క తీరున ఉండవు. ఒకటి నిటారుగా, పొట్టిగా ఉండును. మరియొకటి సాగుచు, మెలికలు తిరుగుచు, మెల్లగా లేచును. నిటారైన దానిని ఎక్కి మెల్లనిదానిని దిగవలెనా, మెల్లనిదానిని ఎక్కి నిటారైన దానిని దిగవలెనా?

గేర్లున్న సైకిలువారు సామాన్యముగా మెల్లని ఎక్కుడునే కోరుదురు. గేర్లు లేక, బరువుగా ఉండి, రిమ్మును రబ్బరు ముక్కలు పట్టుకొను పాతరకపు బ్రేకులుగల సైకిలే మన పల్లెలలో నేటికిని విస్తారముగా కనబడును. దానిని తొక్కువానికి మా సలహా తద్విరుద్ధము. నిటారైన వైపును ఎక్కుటకే పెట్టుకొనవలెను. తొక్కలేనిచో దిగి నడిపించుకొని పోవచ్చును. పోవునది ఒక గంట కాలము మాత్రమే. నిటారైన దారిని దిగునప్పుడు, అందులోను వానలో తడిసిన రిమ్ముపై బ్రేకు జారునప్పుడు, పోవునది కాలము కాదు. తిరుమల రహదారులను చూచినను ఈ వివేకమే తోచును. అక్కడ మొదటి ఘాటురోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడినవి. నేడు పాతదారిని దిగుటకును, క్రొత్తదారిని ఎక్కుటకును నియమించియున్నారు. ఏ దారి ఎక్కుటకు తగినది, ఏది దిగుటకు తగినది అను విచారణ బండ్లు నడుపువారికే గాక దారులను ఏలువారికిని తప్పలేదన్నమాట.

ఇంతవరకు విని, ‘బందరువారికి ఈ కొండల గొడవ ఎందుకు?’ అని శ్రోతలు నవ్వవచ్చును. మా సీమలో ఎక్కుడు అనదగినది కాలువ వంతెన ఎత్తు మాత్రమే. బెజవాడ నేల సముద్రమట్టమునకు ఇంచుమించు ఇరువది మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుండి బందరు వరకు రమారమి డెబ్బది కిలోమీటర్లు. అంత దూరమునకు ఇరువది మీటర్ల వాలు! సైకిలును, మనిషిని కలిపి 80 కిలోల బరువనుకొన్నచో, ఈ వాలు ఆ బరువును ముందుకు లాగు బలము పాతిక గ్రాముల తూకమునకు మించదు. కాలువనీటికి ఆ వాలు చాలును. సైకిలుచక్రమునకు అది ఉన్నదో లేదో కూడ తెలియదు.

అయినను కృష్ణాడెల్టాలో కొండలు లేవనుట సగమే నిజము. మా కొండలు కంటికి కనబడవు. అవి గాలిలో ఉన్నవి.

ఈ మాట అలంకారమునకు చెప్పినది కాదు, లెక్కకు నిలుచునట్టిది. గాలి లేనివేళ గంటకు 15 కిలోమీటర్ల వేగమున నిటారుగా కూర్చుండి తొక్కు మనిషికి ఎదురుగా తగులు గాలి కూడ గంటకు 15 కిలోమీటర్లదే. అతడు తానే పుట్టించుకొన్న గాలి యది. ఇప్పుడు ఎదురుగా గంటకు 15 కిలోమీటర్ల నిజమైన గాలి వీచినదనుకొందము. అదే వేగమున తొక్కువానికి తగులు గాలి రెండింతలగును. కాని గాలి త్రోపుడు వేగముతో సమానముగా పెరుగదు, వేగపు వర్గముతో పెరుగును. గాలి రెండింతలైన త్రోపుడు నాలుగింతలు. ఆ అదనపు త్రోపుడును తూచినచో ఒకటి ముప్పాతిక కిలోల బరువును తాడుకట్టి వెనుకకు లాగినట్లుండును. నూరు మీటర్లకు రెండు మీటర్లు లేచు ఎక్కుడుపై అదే మనిషికి కలుగు భారము దాదాపు ఇంతే. అనగా 30 కిలోమీటర్ల పొడవున అట్టి ఎదురుగాలిని త్రోసికొని పోవుట ఆరువందల మీటర్ల కొండ ఎక్కుటకు సాటి. తిరుపతి నుండి తిరుమలకు ఎక్కు ఎత్తుకు అది కొంచెమే తక్కువ. మధ్యాహ్నపు సముద్రపు గాలికి గంటకు 15 కిలోమీటర్లు అసాధారణమగు వేగము కాదు. బందరు రోడ్డుపై మిట్టమధ్యాహ్నము సైకిలు దిగి చెట్టునీడ వెదకుకొను మనిషి బలహీనుడు కాడు. అతడు కొండ ఎక్కి వచ్చినవాడు.

పోవునప్పుడు ఎదురైన గాలి వచ్చునప్పుడు వాలుగాలి యగును గనుక కష్టసుఖములు సరిపోవునని తలచువారున్నారు. అదియు నిజము కాదు. ప్రశాంతమైన గాలిలో గంటకు 15 కిలోమీటర్లు పోవువాడు అదే శ్రమతో పైజెప్పిన ఎదురుగాలిలో సుమారు 9 కిలోమీటర్లును, వాలుగాలిలో సుమారు 22న్నర కిలోమీటర్లును పోగలడు. పోకకు 30, రాకకు 30 కిలోమీటర్లనుకొన్నచో, గాలి లేనినాడు పట్టునది నాలుగు గంటలు. గాలి ఉన్ననాడు పోకకు మూడు గంటల ఇరువది నిమిషములు, రాకకు గంటా ఇరువది నిమిషములు. మొత్తము నాలుగు గంటల నలుబది నిమిషములు. గాలి తీసికొన్నదానిని పూర్తిగా తిరిగి ఈయదు. కష్టములో గడుపు కాలము ఎక్కువ, సుఖములో గడుపు కాలము తక్కువ. అందుచేత లెక్క సరిపడదు. కొండయు ఇట్టి అప్పులవాడే.

కొండకును గాలికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. కొండ బరువును లెక్కించును, గాలి వెడల్పును లెక్కించును. బస్తా బియ్యము వెనుక క్యారియరుపై పెట్టుకొని పోవువానికి ఘాటురోడ్డు ప్రాణాంతకము. ఎదురుగాలికి మాత్రము ఆ బస్తా మనిషి వీపుచాటున దాగిపోవును. రెండువైపుల గంపలు వ్రేలాడు చేపలవాని సంగతి వేరు. గంపలు నిండియున్నను ఖాళీగా ఉన్నను గాలి పట్టు ఒక్కటే. సరకంతయు అమ్ముడుపోయి తేలికగా ఇంటికి తిరుగుచున్నానని అతడు సంతోషింపవచ్చును గాని గాలి ఆ సంతోషమును గుర్తింపదు. చిలకలపూడి నగలపెట్టెను క్యారియరుకు కట్టుకొన్నవాడు ఈ విషయములో అదృష్టవంతుడు.

మరియొక భేదము ఇంకను పెద్దది. కొండ ఉదయము ఉన్నచోటనే సాయంకాలమునను ఉండును. గాలి పూటపూటకు, ఋతువు ఋతువునకు చోటు మార్చుకొనును. కావున కొండసీమలో ఒకమారు నిర్ణయించుకొన్న దిక్కు జీవితకాలమునకు చాలును. మా సీమలో నెలను చూచి నిర్ణయింపవలెను.

ఒక దారిని ఉదాహరణగా తీసికొందము. బందరు, పామర్రు, చల్లపల్లి అను మూడు ఊళ్ళను కలిపినచో ఒక త్రిభుజమేర్పడును. బందరు నుండి గూడూరు, నిడుమోలుల మీదుగా పామర్రుకు వాయవ్యముగా పోవు భుజము 65వ నంబరు జాతీయ రహదారి. పామర్రు నుండి కూచిపూడి మీదుగా చల్లపల్లికి దారి దక్షిణముగా దిగును. చల్లపల్లి నుండి బందరుకు తూర్పుగా, రవంత ఉత్తరమునకు ఒరిగి, 216వ నంబరు జాతీయ రహదారి వచ్చును. మూడు భుజములును ఇరువది మొదలు ముప్పది కిలోమీటర్ల వరకు, కొంచెము అటునిటుగా ఉండును. మొత్తము ఎనుబది కిలోమీటర్లకు చేరువ. పూర్వము బౌద్ధస్తూపముతో వెలసిన ఘంటసాల ఈ దారికి సమీపముననే ఉన్నది. క్షేత్రయ్య పేరుతో ముడిపడిన మొవ్వ కూచిపూడికి ప్రక్క ఊరు. చిలకలపూడివాడు తెల్లవారుజామున బయలుదేరినచో ఒక పూటలో చుట్టి రాదగిన దారి యిది.

మొదట చల్లపల్లికి, అక్కడనుండి పామర్రుకు, అటుపైని బందరుకు వచ్చుట ప్రదక్షిణము. మొదట పామర్రుకు పోయి చల్లపల్లి మీదుగా వచ్చుట అప్రదక్షిణము. ఎటు తిరిగినను చిలకలపూడివానికి ఒక లాభము తప్పదు. ఉదయము పడమరగా పోవును, తిరిగి వచ్చుట తూర్పుగా. రెండుపూటలను సూర్యుడు వీపువైపుననే యుండును. పామర్రు నుండి ఇదే చుట్టు చుట్టువానికి, తిరుగు దిక్కునుబట్టి, ఉదయపుటెండయో సాయంకాలపుటెండయో కంటిలో కొట్టును. ఊరు తూర్పున ఉండుటలోని సౌకర్యము ఇది.

వైశాఖ జ్యేష్ఠములలో మొదలుకొని వర్షర్తువు చివరి వరకు ఈ సీమలో పడమటిగాలి ప్రబలముగా ఉండును. ముందు వడగాడ్పుగాను, తరువాత నైరృతి ఋతుపవనముగాను వచ్చునది ఆ గాలియే. ఆ కాలమున ప్రదక్షిణముగా పోవువానికి మొదటి భుజములోనే గాలి సూటిగా ముఖమునకు తగులును. తుదిభుజములో వాలుగాలి లభించును గాని అది ఏటవాలుగా వచ్చునది. అప్రదక్షిణముగా పోవువానికి పామర్రు దారిలో గాలి ఎడమ భుజము మీదుగా ఏటవాలుగా ఎదురగును. చల్లపల్లి నుండి ఇంటికి వచ్చునప్పుడు తిన్నగా వీపును తట్టును. కష్టము పలుచబడి, సుఖము చిక్కబడును. పైగా కష్టము ఒడలు తాజాగానున్న ఉదయమున, గాలి ఇంకను లేవనివేళ తీరిపోవును. కావున పడమటిగాలి కాలమున మా ఓటు అప్రదక్షిణమునకే.

వేసవిలో గాడ్పు లేని దినములలో సముద్రపు గాలి రాజ్యము చేయును. ఎండకు నేల త్వరగా కాగును, సముద్రము ఆలస్యముగా కాగును. నేలపై గాలి వేడెక్కి పైకి లేచునప్పుడు సముద్రముపైని చల్లనిగాలి ఆ చోటునకు వచ్చును. మేము పైరగాలి అని ప్రేమగా పిలుచునది ఇట్టిదే. అది దక్షిణమునుండియు ఆగ్నేయమునుండియు వీచును. తీరమున ముందుగా లేచి లోపలికి మెల్లగా పాకును. బందరులో చెట్లు ఊగుచున్నను పామర్రులో ఆకు కదలని ఘడియలుండును. ఆ గాలికి ఎదురునడిచి ఆగ్నేయముగా ఇల్లు చేరవలసిన దారి పామర్రు–బందరు భుజము. దానిని చివరికి పెట్టుకొనుట, అనగా ప్రదక్షిణము చేయుట, అలసిన కాళ్ళకు కొండను అప్పగించుటయే. అప్రదక్షిణములో దక్షిణముగా పోవలసిన కూచిపూడి భుజము నడుమ వచ్చును. ఉదయము తొమ్మిదిలోపుగా దానిని దాటగల్గినచో గాలి ఇంకను బలియదు. తరువాత చల్లపల్లి నుండి పైరగాలి కుడిచెంపకు తగులుచుండగా రావచ్చును. అడ్డగాలి బొత్తిగా నిరపాయమని మేమనము. సైకిలు పుట్టించు గాలితో కలసి అది కొంత ఎదురుగానే తోచును, లారీ ప్రక్కనుండి పోవునప్పుడు ఒక్క త్రోపు త్రోయును. అయినను సూటి ఎదురుగాలికంటె ఎంతయో మేలు.

ఆశ్వయుజము దాటి ఈశాన్యపు గాలి తిరిగిన పిదప లెక్క తలక్రిందులగును. ఇప్పుడు అప్రదక్షిణముగా పోయినచో చల్లపల్లి నుండి ఇంటికి వచ్చు తుదిభుజమంతయు గాలికి ఎదురు. ప్రదక్షిణముగా పోయినచో చల్లపల్లికి గాలియే మోసికొని పోవును. పామర్రుకు ఉత్తరముగా పోవునప్పుడు కుడివైపునుండి కొంత ఎదురగును. పామర్రు నుండి బందరుకు గాలి పూర్తిగా అడ్డముగా, ఎడమప్రక్క నుండి వచ్చును. కష్టము నడుమ ఇమిడిపోయి ఇంటిదారి సులభమగును. కార్తికమాసములో పాండురంగని తిరునాళ్ళ నాటికి సైకిలువాడును ప్రదక్షిణమునకు తిరుగుట ముచ్చటగా నున్నది గాని, అది భక్తివలన గాదు, గాలివలన. ఈ కాలముననే తుపానులును పుట్టును. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమ మరువలేదు. ఈశాన్యపు గాలి కెరటములు కెరటములుగా బలిసి, మబ్బు క్రిందికి దిగినదినమున ఏ దిక్కున తిరుగవలెనను ప్రశ్నయే లేదు, ఇంట ఉండవలెను.

వేసవి గాడ్పును గురించి ఒక మాట విడిగా చెప్పవలసియున్నది. 2015 మే నెలలో వడగాడ్పులవలన ఆంధ్రప్రదేశములోనే వేయిమందికి పైగా మరణించిరి. పడమటిగాడ్పు బలముగానున్న దినమున అది సముద్రపు గాలిని తీరముననే అడ్డగించును, పైరగాలి సాయంకాలము వరకు రాకపోవచ్చును. అట్టినాడు అప్రదక్షిణముగా తిరిగి, చల్లపల్లి నుండి వాలుగాలిలో హాయిగా వచ్చుచున్నానని తలచువాడు మోసపోవును. వాలుగాలి వేగమును సైకిలు వేగమును సమానమైనచో ఒంటికి గాలియే తగులదు. చెమట ఆరదు. కాళ్ళకు శ్రమ తెలియదు గాని ఒడలు లోపల కాగుచుండును. ఎదురుగాలిలో మనిషి అలసి ఆగును, వాలుగాలిలో ఆగవలెనని తోచదు. ప్రమాదము అక్కడనే ఉన్నది. అట్టి దినములలో దిక్కుకంటె గడియారము ముఖ్యము. నాలుగు గంటలకే బయలుదేరి పదిగంటల లోపున ఇల్లు చేరలేనివారు ఆ చుట్టును మరియొకనాటికి వాయిదా వేసికొనుట మేలు. ప్రతి ఊరి చలివేంద్రము వద్దను, దాహము ఉన్నను లేకున్నను, ఆగి త్రాగవలెను.

గాలి ఎటునుండి వచ్చునో ముందుగా తెలియుట ఎట్లు? మచిలీపట్నములోనే వాతావరణశాఖవారి రాడారు కేంద్రము కలదు. వాతావరణ సూచనలు రేడియోలో వినబడును, నేడు చేతిఫోనులోను గంటగంటకు గాలిదిక్కు కనబడును. అవి లేనివారికి ఇంటిపై కొబ్బరాకు చాలును. కాని ఉదయము అయిదింటికి ఆకు చూపు దిక్కును నమ్మి మధ్యాహ్నమునకు లెక్క వేసికొనరాదు. తెల్లవారుజామున నేలనుండి సముద్రమునకు వీచు చిరుగాలికిని, మధ్యాహ్నపు గాలికిని సంబంధము లేదు.

గాలి ఏ పక్షమును వహింపని దినములును ఉండును. అప్పుడు తీర్పు చెప్పవలసినది రహదారి. మన దేశములో బండ్లు ఎడమప్రక్కన నడచును. అప్రదక్షిణముగా పోవువాడు పామర్రులోను చల్లపల్లిలోను ఎడమకే తిరుగును. ఎదురుగా వచ్చు బండ్ల వరుసను ఎక్కడను కోయనక్కరలేదు. ప్రదక్షిణముగా పోవువాడు ఆ రెండుచోట్లను కుడికి తిరుగవలెను, బస్సులు లారీలు తప్పుకొనువరకు రోడ్డునడుమ ఒంటికాలిపై నిలువవలెను. కుడిప్రక్కన బండ్లు నడచు ఫ్రాన్సు, అమెరికా వంటి దేశములలో ఈ న్యాయము తిరగబడును, అక్కడివారికి ప్రదక్షిణమే క్షేమము. పిల్లలను వెంటబెట్టుకొని పోవువారు చలికాలములో సైతము గాలిని కాదని ఎడమమలుపుల దారినే పట్టిన మేము తప్పుపట్టము.

చల్లపల్లి నుండి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శించి, పులిగడ్డ మీదుగా అవనిగడ్డ వరకు పోదలచువారు ఆ కొసను చుట్టులో చేర్చి లెక్కింపరాదు. అది పోయినదారినే రావలసిన కొస, దానికి ప్రదక్షిణము లేదు. వేసవిలో దక్షిణముగా పోవునది ఉదయము, ఉత్తరముగా వచ్చునది గాలి లేచిన పిదప. అంతకంటె చెప్పదగినది లేదు. పులిగడ్డ నుండి పెనుమూడికి కృష్ణపై కట్టిన పొడుగైన వంతెనపై మాత్రము గాలికి చెట్టుగాని ఇల్లుగాని చాటుండదు. అక్కడ దిగి నడిపించుకొని పోవుటలో చిన్నతనమేమియు లేదు.

దిక్కు నిర్ణయించునప్పుడు ఎక్కువమంది మరచునది వెనుదిరుగు చోటు. అప్రదక్షిణముగా పోవువాడు మూడవవంతు దూరములోనే పామర్రు చేరును. ఒడలు బాగులేకున్నను, గాలి తాననుకొన్నట్లు లేకున్నను అక్కడనుండి గుడివాడ దగ్గర. గుడివాడలో తెలిసినవారి యింట సైకిలునుంచి, గుడ్లవల్లేరు, కవుతరము, పెడనల మీదుగా వచ్చు రైలులో చిలకలపూడి స్టేషనులోనే దిగవచ్చును. ప్రదక్షిణముగా పోయి చల్లపల్లి చేరినవానికి రైలు లేదు. అతడు బస్సుపైనో, లారీవాని దయపైనో ఆధారపడవలెను. అందుచేత చలికాలమున ప్రదక్షిణమునకు బయలుదేరువాడు సంచిలో ఒక ట్యూబును, గాలికొట్టు పంపును, కొంచెము చిల్లరను అదనముగా ఉంచుకొనుట మంచిది.